వంతెన మీద గంట

నా వ్యానులో రెండు గడియారాలు.
ఒకటి కంపెనీది. రెండోది
నేనే టేపు వేసి అంటించుకున్నాను.
ఏడింటికి పిల్లల్ని ఎక్కించుకుని నార్వేలో బయల్దేరతాను.
నాలుగు నిమిషాల వంతెన.
దిగేసరికి ఫిన్లండులో ఎనిమిది దాటి ఉంటుంది.
పొద్దున పారేసుకున్న గంట
మధ్యాహ్నం తిరుగుదారిలో
అదే కమ్మీ పక్కన, అక్కడే పడి ఉంటుంది.
ఎవరూ తీసుకోరు.

కింద దెత్ను నది.
దానికి ఈ లెక్కలు పట్టవు.
దాని వీపు మీద పటంలో గీత గీసినవాళ్ళు
ఇక్కడెప్పుడూ వల వేసి ఎరగరు.

వెనక సీట్లలో ఆరుగురు.
గూహ్తుర్‌కి కాలు నిలవదు.
యోవ్నా కిటికీ ఆవిరి మీద
రెయిన్‌డీరు కొమ్ములు గీస్తాడు, ఎప్పుడూ ఒక కొమ్మ ఎక్కువే.
అందరికంటే చిన్నది ఇఙ్గా.
వాళ్ళ నాయనమ్మదీ ఆ పేరే,
కానీ ఆవిడ పాసుపోర్టులో ఆ ముక్కు అక్షరం లేదు.
టైపు మిషనులో లేదని
గుమాస్తా మామూలు 'న' కొట్టి పంపించాడు.
వీళ్ళు సామీలోనే పోట్లాడుకుంటారు, సామీలోనే రాజీపడతారు.
నేను అద్దంలో చూస్తూ ఊరుకుంటాను.
అర్థం కాక కాదు.

అవతలి బడిలో రెండు ఒడ్ల టీచర్లు కలిసి
ఒకే లెక్కల పుస్తకం రాస్తున్నారు, మూడేళ్ళుగా.
అచ్చు ఖర్చు ఎవరిదని
రెండు రాజధానుల మధ్య ఉత్తరాలు తిరుగుతున్నాయి.
ఆ ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో.
'భిన్నం' అనే మాట దగ్గర బండి ఆగిపోయిందట.
ఇవతలి టీచరు నార్వే మాటని వంచి తెచ్చింది.
అవతలి టీచరు ఫిన్నిష్ మాటకి సామీ తోక తగిలించాడు.
కాఫీ చల్లారిందాకా వాదించుకుని
చివరికి ముసలి రిస్టీన్ ఇంటికెళ్ళారు.
ఆమె వల అల్లుతూ, తలెత్తకుండా అంది:
"రెండు ఒడ్లవాళ్ళం ఒక్క సాల్మన్‌ని పట్టుకుంటే
తల మీకు, తోక మాకు అని కోసుకుంటామే,
ఆ కోతకి మాట లేదనుకున్నారా?"

ఇరవై మూడో పేజీలో ఇప్పుడు ఆ మాటే ఉంది.
కింద బొమ్మ: చేప, మూడు ముక్కలు.
పక్కన ఒక పిల్లి. అదెవరు గీశారో తెలీదు.

నేను చదివింది వేరే బడి.
హాస్టలు, ఇనప మంచాలు.
అమ్మ మాట నోరు జారితే
ఆ రాత్రికి రొట్టె లేదు.
ఏడేళ్ళకే నోరు కట్టుకోవడం వచ్చేసింది.
తర్వాత కడుపు నిండా తిన్నాను గానీ
ఆ ముడి విడలేదు.
పోయేముందు అమ్మ ఏదో అడిగింది,
నార్వీజియన్లో జవాబిచ్చాను.
తలూపింది. అంతే.

ఇవాళ వంతెన మధ్యలో
ఉప్పు చల్లే లారీ అడ్డం తిరిగి ఆగింది.
ఒక గడియారం ఏడూ పది, ఒకటి ఎనిమిదీ పది.
అవతల బడిగంట మోగింది, ఎవరూ కదల్లేదు.
ఇఙ్గా నా సీటు మీదికి వంగి
కిందికి వేలు పెట్టి చూపించింది.
"అదేంటి?"

నది అంచున కొత్తగా కట్టిన గడ్డ,
పల్చగా, నల్లగా, ఇంకా నీటి వాసన పోనిది.
నోరు తెరిచాను.
ముందు ఆవిరి వచ్చింది.
తర్వాత, యాభై రెండేళ్ళ తర్వాత,
"యెక్నా" అన్నాను.

"తప్పు," అన్నాడు గూహ్తుర్.
ఇఙ్గా ముక్కు మీద వేలేసుకుని
ఓపిగ్గా, నెమ్మదిగా, నాకు పాఠం చెప్పింది:
"ఇక్కడ్నించి రావాలి. నా పేరులోలాగా. యెక్ఙా."

వెనక కారు హారను కొట్టింది.
లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది.
నేను మళ్ళీ అన్నాను.
బడికి ఆలస్యం. ఏ గడియారం ప్రకారమో
ఎవరూ అడగలేదు.