ఏ చెట్టుది?

మునిగుడ స్టేషన్లో సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం.
చేరిన మూడో ఆదివారం దంబు కడ్రకా
గట్టు మీదికి తీసుకెళ్లి
అడ్డాకు దొప్ప చేతిలో పెట్టాడు.
జీలుగు కల్లు.
తడిసిన గోనెసంచి వాసన.
ఊపిరి బిగబట్టి, మాత్ర మింగినట్టు మింగాను.
చుట్టూ ఉన్న ఏడుగురూ
నా గొంతుముడి కిందికి దిగడం చూసి
ఒక్కసారే నవ్వారు.

మా ఇంట్లో కల్లు అన్న మాట
తలుపు చాటునే అనేవారు.
పార్వతీపురంలో, వీధి చివరి దుకాణం దగ్గర
మా అమ్మ నా చేత పెద్ద పెద్ద అడుగులు వేయించేది.
అందుకేనేమో మొదటి ఏడాదంతా
నాలిక కంటే ముందు చెవులు అదిరేవి,
వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని.

రెండో చలికాలానికి కొంచెం తెలిసింది.
తెల్లారగట్ల దించింది కొబ్బరినీళ్లకి చెల్లెలు.
ఎనిమిదిన్నర పాసింజరు వెళ్లేసరికి
నాలిక అంచున ఒక చీమ కుడుతుంది.
మధ్యాహ్నానికి చింతచిగురు.
సాయంత్రానిది, దంబు లెక్కలో, మామగారి కోపం.
వాగు పక్క చెట్టుది పలచన,
రాళ్ల మధ్య చెట్టుది చిక్కన.
కుండలో బెరడు ఎక్కువైతే
చివర్న ఒక వగరు పంటి వెనక దాక్కుంటుంది.
ఇదంతా ఎవరూ పాఠం చెప్పలేదు.
దొప్ప అందించి నా మొహం చూసేవారు, అంతే.

మొదటి చుక్కలు నేలకి.
తర్వాత ముసలివాళ్లకి.
ఆనపబుర్ర ఒకటే, వంచే చెయ్యీ ఒకటే.
వంతు వచ్చేదాకా ఊరికే ఉండలేక మాట్లాడతారు,
తప్పిపోయిన మేక గురించి,
కందికి పట్టిన పురుగు గురించి.
గూడ్స్ గుమస్తా కైలాస పాత్రో, నేనూ
ఓవర్‌టైం లెక్క దగ్గర చెడి
నాలుగు నెలలుగా పలకరించుకోవడం లేదు.
అక్కడ పక్కపక్కనే కూర్చోవాల్సొచ్చింది.
నా దొప్ప చిల్లుపడి పంట్లాం తడిస్తే
తనది ఇచ్చాడు.

ఒకసారి మా ఇంజనీరు నాసిక్ నుంచి
వైన్ సీసా తెచ్చిచ్చాడు.
గట్టు మీదికే పట్టుకెళ్లాను.
బిరడా ఊడి రాక
మేకు కొనతో లోపలికి తోశాం.
దంబు తల్లి రూపులి ఒక గుక్క పట్టి
బుగ్గలో చాలాసేపు ఉంచుకుంది.
"ఏ చెట్టుది? ఎవరెక్కారు?"
చెట్టు కాదు, తీగ అన్నాను.
"సరే, ఎవరి తీగ?"
సీసా తిప్పి తిప్పి చూశాను.
ఊరుంది, ఏడాది ఉంది, ధర ఉంది.
"బాగానే ఉంది గానీ
దూరం నుంచి వచ్చింది కదా, అలిసిపోయింది.
కాసేపు గాలి తగలనీ."
నేలకి మాత్రం అప్పుడే పోసింది,
ఎప్పట్లాగే, మూడు చుక్కలు.

అరగంటకి అది నిజంగానే తేరుకుంది.
నేరేడుపండు, అన్నాడు పాత్రో.
కాదు, కాలిన కట్టె, అన్నాడు దంబు.
ఇద్దరూ నా వైపు చూశారు.
తేల్చి చెప్పడానికి
నేనింకో గుక్క అడిగాను.