మూడడుగుల లోతు

బళ్లారి రోడ్డు యార్డులో మిట్టమధ్యాహ్నం.
రెండు బండ్లు పక్కపక్కన, రెండూ తెలుపే,
రెండింటి మీదా ఒకే దుమ్ము.
డీజిలుది లక్షా నలభైవేలు తిరిగింది,
వెనకద్దానికి ఎవరిదో పెండ్లి స్టిక్కరు సగం అంటుకొని ఉంది.
పెట్రోలుది యాభైరెండు. ఒక పండ్ల డాక్టరు వాడినాడంట.
"సీటు కవరు కూడా తీయలేదు, చూడన్నా"
అన్నాడు యార్డు పిల్లోడు, శీలం గురించి చెప్పినట్టు.

బానెట్ ఎత్తించి
చూడడం వచ్చినోడి మాదిరి చూసినాను.

నాకేం తెలుసు?
ఇరవైయేడేండ్లుగా అరచేతిలో టెంకాయ పెట్టుకొని
జనం చేలల్లో చెప్పులు విడిచి నడిచినోణ్ణి.
టెంకాయ నిలబడిన చోట గుర్తుకు రాయి పెట్టి
"ఆరునూర్ల అడుగులు, రెండించుల నీళ్లు" అన్నోణ్ణి.
భూమి లోపలి సంగతి చెప్పి బతికినోడికి
రేకు కింద మూడడుగుల లోతు అర్థం కాలేదు.

అందుకే జిలాన్ బాషాను పిలిపించినాను.
వచ్చినాడు. నన్ను పలకరించలేదు.
పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి
మొన ఇంజను మీద, పిడి చెవికి ఆనించి
కండ్లు మూసుకున్నాడు.

అట్లా కండ్లు మూసుకోవడం నాకు తెలుసు.
నేనూ మూసుకుంటాను.
కొన్నిసార్లు నిజంగానే ఏదో లాగుతుంది అరచేతిని.
కొన్నిసార్లు రైతు ముఖం లాగుతుంది.

కూడేరు దగ్గర వాళ్ల మూడెకరాల్లో
నేను చూపించిన పాయింట్లు నాలుగు.
మూడింట్లో తెల్లదుమ్ము. నాలుగోదాంట్లో చెంబుడు తడి.
బోరుబండి వెళ్లిపోయినాక ఆ దుమ్ము
కందిచెట్ల మీద వానొచ్చేదాకా ఉండిపోయింది.
ఆయప్ప ఒక్క మాట అనలేదు. నా ఫీజు కూడా ఆపలేదు.
ఆ యేడే టౌనుకొచ్చి పానా పట్టుకున్నాడు.

ఇప్పుడు నా ఐదు లక్షల అరవైవేలు
ఆయన చెవిలో ఉన్నాయి.

డీజిలు గుడగుడమంటుంది. నాకదే ఇష్టం.
ఊరి బయటనుంచే వినపడాల నేనొస్తున్నట్టు.
లూనా మీద పోయినన్నాళ్లు మజ్జిగిచ్చి మూలన కూర్చోబెట్టినారు.
పెద్దబండి దిగితే మాటకు బరువొస్తుంది,
టెంకాయ కూడా బిన్నే లేస్తుంది.
పెట్రోలుది ఏమీ అనదు. తాళం తిప్పినాక
ఆన్ అయిందో లేదో చెయ్యి పెట్టి చూడాల.

జిలాన్ స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు.
"నెలకెంత తిరుగుతావు ఎర్రిసామన్నా?"

"ఎండాకాలం రోజూ. వానలు పడితే..." అని ఆగినాను.
వానలు పడితే నన్నెవరూ పిలవరు.
ఊర్లు ఎండితేనే నా బండికి పని.
ఈ లెక్క నేనెప్పుడూ పైకి వేసి చూసుకోలేదు.
ఈమధ్య ఎండాకాలమూ ఫోన్లు తగ్గినాయి.
పిల్లోళ్లు పెట్టెలో మిషను తెచ్చి చేను పొడుగునా తీగలు పరుస్తున్నారు.
వాళ్లకూ దుమ్మే వస్తోంది,
కాకపోతే కాగితం మీద గీత గీసుకొని వస్తోంది.

"నిజం చెప్పప్పా. ఇంజను ముందర అబద్ధం పనికిరాదు."

"నాలుగునూర్లు. బో అయితే ఐదునూర్లు."

"పెట్రోలు తీసుకో.
డీజిలుకు దూరం కావాల. బాగా వేడెక్కి మసి కక్కుకోవాల.
ఊర్లోనే తిప్పితే అది లోపలే పూడుకుంటుంది,
కడిగించేదానికే నలభైవేలు."

నేను ఆయన ముఖంలోకి చూసినాను.
రాయి పెట్టిన పొద్దు ఆయనా నన్నిట్లే చూసుంటాడు,
ముఖంలో నీళ్లేమన్నా కనపడతాయేమోనని.

"గ్యారంటీనా?"

మొదటిసారి నవ్వినాడు. పై పన్ను ఒకటి లేదు.
"నేనడిగినానా నిన్ను?"

అడ్వాన్సు కట్టినాను.
జిలాన్ తన మూడునూర్లు లెక్కపెట్టకుండా జోబీలో పెట్టుకొని
టీకి కూడా నిలబడకుండా పోయినాడు.
వారం తర్వాత బండి నా చేతికొచ్చింది, మెత్తగా కదిలింది.
కూడేరు వైపు కాకుండా టవర్ క్లాకు వైపు తిప్పి
నడుస్తోందో లేదో తెలియక
అద్దం దించి, తల వంచి, చెవి బయట పెట్టినాను.