కొసరు

నేను నడిపే బస్సు తలుపు మీద
ముళ్ళపండు బొమ్మ, దాని మీద ఎర్ర అడ్డగీత.
ఆ గీత పక్కనే నా సీటు.
జూన్ వచ్చిందంటే
సంచీ వీపు వెనక దాచుకుని ఎక్కబోయే ముసలమ్మలను
మొహం చూసి కాదు, గాలి పీల్చి దింపేస్తాను.
తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

సెలవు రోజున మాత్రం
మోటారుసైకిలుకు అట్టపెట్టె కట్టుకుని
కొండ దాటి బాలిక్ పులావ్ పోయేది నేనే.

మసీదు మలుపు తిరిగాక, మూతబడ్డ రబ్బరు గోదాము ఎదురుగా
నీలం టార్పాలిన్ కింద ఊయీ చిన్ హువాట్.
పదహారేళ్ళుగా ఆయన దగ్గరే దురియాన్ కొంటున్నాను.
మొదటిసారి వెళితే పండే ఇవ్వలేదు.
"రాత్రంతా వాన. చెట్టు నీళ్ళు తాగేసింది.
ఎల్లుండి రా."
అమ్మనన్నవాడి దగ్గరే కొనాలని
ఖాళీ పెట్టెతో కొండ దిగుతూ అనుకున్నాను.

తొడిమను గోటితో గీకుతాడు, లోపల పచ్చి తడి ఉందా అని.
కత్తి వెన్నుతో పొట్ట మీద రెండు దెబ్బలు.
తర్వాత చెవి దగ్గరికి తెచ్చి
నిద్రలో ఉన్న పసివాణ్ణి ఊపినట్టు ఊపుతాడు.
తొన గోడను వదిలిందో లేదో
ఆ చెవికి తెలుస్తుంది.
ఇది చేదు, చివర్లో తిను.
ఇది నీ భార్యకి.
ఇది ఎవరికీ కాదు, పక్కన పడేయ్.

ఈ ఏడు
ఊపాడు. మళ్ళీ ఊపాడు.
చెవి మార్చాడు.
కూతురు స్వీ లెంగ్ చిల్లర కోసం అటు వెళ్ళేదాకా ఆగి
"షామ్, వినపడటం లేదు" అన్నాడు.
"మార్చి నుంచీ."

పండు నా చేతుల్లో పెట్టాడు.
ముళ్ళు దిగుతున్నాయి, బరువు నిలవనివ్వటం లేదు.
"ఏమంటోంది?"

ముందు రోడ్డు మీద లారీ వినిపించింది.
తర్వాత నా ఊపిరి.
తర్వాత, చాలా లోపల,
తలుపు తట్టాలా వద్దా అని ఆగిన వేలు
తగిలీ తగలనట్టు తగిలిన చప్పుడు.
"వదిలింది" అని గట్టిగా అరిచాను.
ఆయన మరి అడగలేదు. కోశాడు.

పాత ఇత్తడి రంగు తొనలు.
పైన సన్నటి ముడతల తోలు, కింద వెన్న,
తీపి మింగాక నాలుక అంచున ఆలస్యంగా వచ్చే చేదు,
ఆ చేదు కోసమే ఇంకో తొన.
ఇద్దరం నిలబడే తిన్నాం, మాటల్లేకుండా,
పిక్కలు ఒకే డబ్బాలో వేస్తూ.

రెండోది తప్పు చెప్పాను. కొబ్బరిచిప్పలా గట్టి.
నా ముఖం చూసి ఆయన నవ్వాడు:
"తొలి ఏడాది నేను నలభై పాడు చేశాను.
నాయన లెక్క రాసి పెట్టాడు."
దానికి డబ్బు తీసుకోలేదు.

పండు డొప్పలో నీళ్ళు పోసుకుని చేతులు కడుక్కున్నాను,
వాసన పోతుందంటారు కదా.
తూకం అయ్యాక, కాటా మీద పెట్టకుండా
చిన్నదొకటి పెట్టెలోకి జార్చాడు.
"ఇది కొసరు. ఊపి విను, తర్వాతే కోయి.
విన్నదీ చూసిందీ ఒకటేనో కాదో
వచ్చే ఆదివారం చెప్పు."

సోమవారం, ఆరూ పది బస్సు.
సంచీ వీపు వెనక్కి పెట్టుకుని ఒక ముసలమ్మ ఎక్కింది.
గాలి పీల్చాను.
ఆ వాసన ఆవిడ సంచీదో
స్టీరింగు మీది నా వేళ్ళదో తేలలేదు.
తలుపు మూసి
గేరు వేశాను.