అరవయ్యొక్క రోజులు

బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి.
చేప గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేశారు.
మా ఐసు ఫ్యాక్టరీలో మిషను
రోజుకి ఒక్క పూటే తిరుగుతోంది.
పని తగ్గితే నోరు పెరుగుతుంది, నా తప్పేం లేదు.

నిన్న సాయంత్రం సంఘం ఆఫీసు గోడకి
పాత రేవు ఎలెవన్ కొత్త జాబితా అంటించారు.
బంక ఇంకా ఆరలేదు.
నిలబడి చదివాను,
చెప్పులు విడిచి మళ్ళీ చదివాను.
ఉన్నవాళ్ళు పదహారు. పోయినవాళ్ళు ఐదుగురు.
పోయినవాళ్ళ పేర్లు రాయరు కదా,
వేళ్ళ మీద లెక్కేసుకుని తెలుసుకోవాలి.

నూకన్న మాస్టారూ, మీరు సెక్రటరీ, నేను ఐసు కొట్టేవాణ్ణి,
అయినా చెప్తాను.
ఎడమ బ్యాకు జోజిబాబుకి రైల్వేలో ఉద్యోగమొచ్చింది,
వెళ్ళనీండి, ఆ జీతం ముందు మన ఇడ్లీ పొట్లం ఏపాటి?
కానీ అతని చోట్లో ట్రెజరర్ గారి మేనల్లుడా?
బంతి ఎదురొస్తే ఆ కుర్రాడు
అప్పులవాడు ఎదురైనట్టు పక్క సందులోకి తప్పుకుంటాడు.

బరంపురం నుంచి ఫార్వర్డుని తెచ్చారట.
సెకండ్‌హ్యాండు బైకు, గది అద్దె, రోజూ కోడిగుడ్లు.
ఏమీ అనను. గోలు కొడితే ఆ బైకు నేనే తుడుస్తాను.
అయితే మన కొర్రా బలరాం?
పాడేరు ఘాటీ దిగి, నాలుగు గంటల బస్సులో వాంతులు ఆపుకుని,
బూట్లు ఒళ్ళో పెట్టుకుని వచ్చి ఆడినవాడు?
ఏడు గోల్స్. అందులో మూడు వానలో.
బస్సు చార్జీ మిగిలింది మనకి, అంతేనా?

టీ కొట్టు దగ్గర ఇదంతా గట్టిగానే అన్నాను.
తెడ్డు పరసన్న వల బాగుచేస్తూ తలెత్తకుండా,
"పడవకి పుచ్చిన సెక్క తీసి కొత్తదెయ్యమేటి?
దానికి ఏడుస్తామా?" అన్నాడు.
వేస్తాం. కానీ ఏ చెక్క పుచ్చిందో
గోటితో గిచ్చి చూసి మరీ వేస్తాం పరసన్నా,
కలప అడితీ వాడి మేనల్లుణ్ణి అడిగి కాదు.
అందరూ నవ్వారు. ఆ పూట టీ నాకు ఊరికే వచ్చింది.

ఎల్లాజీ నవ్వలేదు.
పదమూడేళ్ళు మా గోల్‌పోస్టు కాసినవాడు,
నా లెక్కలో ఐదో వేలు.
బల్ల చివర కుడి మోకాలు చాపుకుని కూర్చున్నాడు.
నేనింకా అతని పేరెత్తలేదని
అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

పోర్టు గ్రౌండు. సెమీ ఫైనలు. ఎనభై ఎనిమిదో నిమిషం.
బడికెళ్ళడం ఇష్టం లేని పిల్లాడిలా
తాపీగా దొర్లుకుంటూ వచ్చింది బంతి,
అతను వంగేలోపు కాళ్ళ మధ్య నుంచి పోయింది.
డాల్ఫిన్ నోస్ కొండయినా వంగి పట్టుకునేది దాన్ని.
ఆ రోజు నేనన్న మాటలు మా అమ్మ వినుంటే
ఉప్పునీళ్ళతో నా నోరు కడిగేది.

"మావా, నీ లిస్టులో అయితే నన్నెడతావేటి?"
గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

రెండు గంటలుగా ఆగకుండా మాట్లాడినవాణ్ణి.
హార్బరు మీద కాకులు కూడా ఆగి విన్నట్టున్నాయి.
"మోకాలికి ఐసు తేనా?" అన్నాను.

లోపలికెళ్ళి దిమ్మ పగలగొట్టాను.
అవసరమైన దానికన్నా ఎక్కువసేపు పగలగొట్టాను.
పొట్టు దులిపి గోనెగుడ్డలో చుట్టి తెచ్చాను.
కట్టుకున్నాడు. నీళ్ళు పిక్క మీంచి
చెప్పులోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఇంకా ఇరవై రెండు రోజులుంది బోట్లు కదలడానికి.
పక్కన ఎవరో ఇంజనుకి రంగు వేస్తున్నారు,
ఆ వాసనకి టీ చేదెక్కింది.

"కొత్త గోలీ ఎడం పక్కకి దూకలేడు," అన్నాడు ఎల్లాజీ చాలాసేపటికి,
"నాను సూసేను."

అవునవునన్నాను.
ఆ కుర్రాడి ఆట నేనింకా చూడనే లేదు.