కాటా రసీదు

కుడిపక్క డొక్క కింద
గోరుతో గీకినట్టు ఒక నొప్పి.
నిరుడు మిరపకోతలప్పుడు ఎక్కింది,
ఇంకా దిగిపోలా.

చీమకుర్తి బైపాసులో కాటా నాది.
నాది అంటే, కుర్చీ నాది. కాటా ఓనరుది.
క్వారీ నుంచి బండొస్తుంది, పలక మీదికెక్కుతుంది,
ఎర్రంకెలు కాసేపు వణికి ఒకచోట నిలబడతాయి.
మొత్తం బరువు. ఖాళీ బండి బరువు. తీసేస్తే రాయి.
పదహారేళ్లుగా ఈ మూడు గళ్లే నా చదువు.

నొప్పని ఒకసారి నోరు జారానా,
ప్రతి డ్రైవరూ డాక్టరే.
గ్యాసన్నాడొకడు, వాము నమలమన్నాడు.
బొడ్డు పక్కకి జరిగిందన్నాడొకడు,
సంతనూతలపాడులో ఒకామె సరిచేస్తదంట.
కొత్త ఇంటికి దిష్టి తగిలిందన్నారు. కొత్త ఇల్లు లేదు నాకు.
మాలకొండయ్య మాత్రం క్లీనరుని దించి, తలుపేసి,
"నిజం చెప్పు ఖాశిం, చాటుగా తాగుతున్నావా?" అన్నాడు.

నేను తాగేది టీ.
బండికొకటి, కిటికీలోంచి వస్తుంది,
వద్దంటే ఇచ్చినోడి మొహం చిన్నబోతుంది.
రోజుకి పద్నాలుగు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర.
ఊరందరి బరువూ రాసేవాణ్ని,
ఈ లెక్క మాత్రం రాయలా.

ఒంగోల్లో స్కానింగు.
పొట్ట మీద చల్లటి జిగురు.
తెర మీద నా కాలేయం
దుమ్ములో హెడ్‌లైటు వేసినట్టు తెల్లగా ఉంది.
"కొవ్వు పట్టింది. గ్రేడ్ టూ. రాళ్లయితే లేవు" అంది ఆ పిల్ల.
నవ్వొచ్చింది.
చీమకుర్తిలో రాళ్లు లేని చోటు
నా పొట్టొక్కటే.

బయట బెంచీ మీద నాగూర్‌బీ.
లివరు అన్న మాట చెవిన పడగానే
నా నోటి దగ్గరికి మొహం తెచ్చి వాసన చూసింది.
ఇరవై రెండేళ్ల కాపురం.
టోకెన్ల కోసం కూర్చున్నోళ్లందరి ముందూ.
ఆ నిమిషాన నొప్పి
డొక్కలో లేదు.

డాక్టరమ్మ కాగితం మడిచి పక్కన పెట్టింది.
"తాగనోళ్లకీ పడుతుంది కొవ్వు.
కదలని కుర్చీకి, తీపికి, రెండు పూటలా గుట్టగా పెట్టే అన్నానికి.
తగ్గించుకోవాల్సిందే. కానీ అది మూగది, మామూలుగా నొప్పి పెట్టదు.
వెతికితే దొరికిన దొంగ అది. నీ నొప్పి దొంగ వేరే ఉన్నాడేమో."
నడుంనొప్పికి రోజూ మింగే బిళ్లల గురించి అడిగింది.
మెడికల్ షాపోడిచ్చినవి. పేరు తెలవదు. తెల్లగా ఉంటాయి.
అవి పేగుని పుండు చేసుండొచ్చంది.

తర్వాత నొప్పి మీద వేలు పెట్టి
"తల కొంచెం ఎత్తు" అంది.
ఎత్తాను. ప్రాణం పోయింది.
"లోపలిదైతే ఇట్టా ఎక్కువ కాకూడదు. ఇది పైకండదిలా ఉంది.
రోజంతా ఎట్టా కూర్చుంటావ్?"

చూపించాను.
కుడిపక్కకి వంగి, బల్లంచు డొక్కకి ఆనించి,
చెయ్యి చాపి, కిటికీలోంచి రసీదు.
మళ్లీ వంగి, మళ్లీ రసీదు.
నాగూర్‌బీ తలుపు దగ్గర నిలబడి చూస్తా ఉంది.
నా పని ఆమె చూడటం అదే మొదలు.

"కావచ్చు" అంది డాక్టరమ్మ. "అదే అని చెప్పను.
బిళ్లలు ఆపు. బల్ల మార్చు. బరువు దించు.
మూడు వారాలకి రా, తగ్గకపోతే గొట్టం వేసి చూద్దాం."

రాత్రి ఆఖరి బండి పోయాక
పలక మీద నేనొక్కణ్నే నిలబడ్డాను.
పదేసి కిలోల లెక్కన చూపించే కాటా అది,
ఎనభై అంటుంది, తొంభై అంటుంది,
మనిషిని ఎటూ తేల్చలేక వణుకుతుంది.

నాగూర్‌బీ ఫ్లాస్కు తెచ్చింది.
చక్కెర లేని టీ.
నాకు పోయకముందు తనే ఒక గుక్క తాగి
మొహం వికారంగా పెట్టింది.
రెండో గుక్క కూడా తాగింది.