గంటన్నర అప్పు

మస్కట్‌ల రాత్రి పన్నెండు దాటింది.
హైదరాబాద్ విమానంలకెల్లి
ఆఖరి మనిషి దిగినంక
మేం నలుగురం ఎక్కుతం.
చేతిల తడిగుడ్డ, భుజాన వాక్యూమ్ గొట్టం,
ఇరవై రెండు నిమిషాలు.

లోపటి గాలి ఇంక అక్కడిదే.
ఎవరి కొప్పులనో వాడిన మల్లెలు,
పల్లిపట్టీ, జండూబామ్.
చెప్పుల కింద వచ్చిన ఎర్రమన్ను
నడిమి తొవ్వల సన్నగ రాలి ఉన్నది.
నేనే గొట్టం పెట్టి గుంజుత.
సూట్‌కేసులను గ్రాము గ్రాము తూచినోళ్లు
దీన్ని తూచలేదు.

సీట్ల ఎనుక తెరలు ఇంక ఆరలేదు.
నీలి సముద్రం, దాని అంచున తెల్లటి బొమ్మ విమానం.
గమ్యానికి దూరం: సున్న.
మిగిలిన సమయం: సున్న.
వరుసకు ఆరు తెరలు, ముప్పై వరుసలు.
ఒక్కొక్కటే తుడుస్త.
ఏలిముద్రలు పోతయి, సున్నలు పోవు.

ఇయ్యాల ఇరవై మూడో వరుసల, కిటికీ పక్క జేబుల
వాంతి సంచి. వాడనిది.
దాని మీద పెన్సిల్‌తోని లెక్క:
"ఎక్కింది 10:05. దిగేది 11:50.
అంటే గంటా నలభై ఐదు నిమిషాలు.
దూరం 2200. వేగం గంటకు 1257.
నాన్నా, మన విమానం చప్పుడు కన్న ఫాస్టా?"
కింద జవాబు లేదు.
నాన్న నిద్రపోయిండో,
తెల్వక ఊకున్నడో.

నేను ఇంటర్ల లెక్కలు తప్పినోణ్ని.
అయినా చూసిన. భాగహారం సరిగ్గనే ఉన్నది.

బిడ్డా,
ఈ విమానం మూడుంబావు గంటలు ఎగిరింది.
నీ లెక్కకు అందని గంటన్నర
సముద్రంల పడిపోలేదు.
పడమరకు వచ్చినోళ్లకు
దిగంగనే చేతిల పెట్టే అప్పు అది.
గడియారం ముల్లు ఎనుకకు తిప్పి తీసుకుంటం,
సంతకం లేదు, జామీను లేదు.
తిరిగిపోయేనాడు
గాలిల ఉండంగనే వసూలు జేసుకుంటరు.

నాకున్న అప్పులల్ల మిత్తి లేనిది గదొక్కటే.
ఏజెంటు ముత్తెన్నకైతే నూటికి మూడు రూపాలు.
ఆరేండ్లాయె, ఆ గంటన్నర నా దగ్గరనే ఉన్నది.
ఏం జేసిన దాన్ని?
నేనూ లెక్కగట్టిన:
నాలుగు విమానాలు తుడువొచ్చు,
రెండు నిమిషాలు మిగులుతయి,
నీళ్లు తాగనీకి.

"జల్దీ భాయ్, జల్దీ" రఫీకుల్ అరుస్తున్నడు.
దొరికిన కాయిదం నల్లసంచిల వెయ్యాలె, అది రూలు.
నేను చెవి సందుల పెన్ను తీసి,
"ఫాస్ట్ కాదు బిడ్డా. గంటన్నర కలుపు.
పైలంగ దాచుకో, పోయేటప్పుడు అడుగుతరు"
అని రాసి
మల్ల అదే జేబుల పెట్టిన.

ఆ పిల్ల ఈ సీట్లకు రాదు, తెలుసు.
ఒకటింబావుకు విమానం తిరిగిపోతది.
ఎవలో ఒకలు కూసుంటరు.
సముద్రం నడుమ కడుపుల తిప్పితే
చెయ్యి జేబులకు పోతది.
చదువుతరో,
కక్కుతరో.