ఓపాలి సెయ్యెయ్యి

తవిటయ్య నా దగ్గర టీ డబ్బులు తీసుకోడు.
పదకొండేళ్ళుగా తీసుకోలేదు.
పాత పోస్టాఫీసు మలుపులో నా బండి చప్పుడు వింటే చాలు
గ్లాసు రెండుసార్లు కడుగుతాడు,
బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడతారు.
అది మర్యాద అనుకున్నాను.

ట్రైనింగులో మాకు
లాఠీ ఎక్కడ పడాలో నేర్పారు,
ఏ ఎముకని తప్పించాలో నేర్పారు.
'ఒరే' అనడం మాత్రం ఎవరూ నేర్పలేదు.
అది టోపీతో పాటే వచ్చింది,
నా తలకి సరిగ్గా సరిపోయింది.
రిక్షా తొక్కే తాతకి ఒరే.
సైకిలు పోయిందని కాగితం పట్టుకొచ్చిన పంతులికి,
చొక్కా నలిగి ఉంది కాబట్టి, ఒరే.
కారు అద్దం దింపినవాడికి మాత్రం
నా నోట్లోంచి దానంతటదే
'అండి' ఊడిపడేది.

దసరా వెళ్ళిన వారానికి
ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు,
తెల్లారేలోగా హార్బరు రోడ్డు ఖాళీ చేయించమన్నారు.
అందరూ లేచారు.
అర్జిల్లి పోలమ్మ లేవలేదు.
మోకాళ్ళ నొప్పి. నిండు తట్ట.
తలకెత్తే తోడు ఇంకా రాలేదు.
ఇవన్నీ తర్వాత తెలిశాయి,
అడిగితే అప్పుడే తెలిసేవి.

తన్నలేదు, నిజం చెప్తున్నా.
లాఠీ కొసతో తట్ట అంచుని
అలా,
కొంచెమే.
కవ్వళ్ళు తారురోడ్డు మీద
బస్సు చక్రాల దాకా జారిపోయాయి.

జాలరిపేట మనిషి. తిట్టలేదు.
తిట్టి ఉంటే బాగుండేది.
ఒక్కో చేపనీ ఏరి, కొంగుతో ఇసక తుడిచి
పసిపిల్లని పడుకోబెట్టినట్టు
మళ్ళీ తట్టలో పెట్టుకుంది.
ఆ పెద్దమనిషి రానేలేదు.
వేరే దారిన పోయాడట.

ఆ రాత్రి బూటు కుట్టులో ఒక పొలుసు.
పాలిష్ మీద పాలిష్ పట్టించాను.
ఇంకా మెరిసింది.

మర్నాడు తవిటయ్య చేతిలో పది రూపాయలు పెట్టాను.
మొహం పాలిపోయింది వాడికి.
"ఏటి బాబూ,
నానేటైనా తప్పు సేసినానా?"
పదకొండేళ్ళుగా నేను తాగింది
టీ కాదు.

పోలమ్మ దగ్గరికి మూడ్రోజులు వెళ్ళలేకపోయాను.
మఫ్టీలో వెళ్దామనుకున్నాను.
పడేసింది ఖాకీ కదా,
ఖాకీలోనే వెళ్ళాను.
ఐదొందల నోటు చాపితే
ఈగలు తోలుకుంటూనే అంది:
"సేపలకి డబ్బులు కొన్నోడిస్తాడు.
నువ్వు కొన్నావేటి?"

ఐసు మిషను గరగరలాడుతోంది.
ఒక్క మాట అనాలి,
అది ముల్లులా గొంతుకి అడ్డం పడింది.
అన్నం ముద్ద మింగినట్టు గుటక వేసి
చివరికి
"తప్పయిందమ్మా" అన్నాను.
ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

పర్లేదు అనలేదు ఆమె.
చాలాసేపు అసలేమీ అనలేదు.
లేచి, చుట్టకుదురు నెత్తిన సర్దుకుని
"ఓపాలి సెయ్యెయ్యి బాబూ,
బేగి. ఆటోవోడు ఎలిపోతాడు."

సార్ అనలేదు. దండం పెట్టలేదు.
లాఠీ ఎక్కడ పెట్టాలో తెలీక
ఐసు పెట్టెకి ఆనించి
వంగాను.
తట్ట ఇంత బరువుంటుందా!
చేపల నీళ్ళు మోచేతుల మీంచి
చొక్కాలోకి, నా నంబరు పలక మీదికి.
ఆమె వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయింది,
ఆ బరువుతో, ఆ మోకాళ్ళతో.

"ఏంటయ్యా ఆ కంపు?" అన్నారు ఎస్సైగారు.
డ్యూటీ సార్, అన్నాను.

మారిపోయానని చెప్పను.
మొన్న జగదాంబ సిగ్నల్ దగ్గర
ఒక కుర్రాడి మీద నోరు లేచి
'ఒ' దగ్గర ఆగింది.
దగ్గినట్టు నటించాను.
వాడు నిజమే అనుకుని
తన నీళ్ళ సీసా ఇచ్చాడు.

తవిటయ్య ఇప్పుడు పది రూపాయలు తీసుకుంటున్నాడు.
గ్లాసు ఒక్కసారే కడుగుతున్నాడు.
నిన్న, పంచదార తక్కువైందోయ్ అంటే
"పాలూ తక్కువే బాబూ" అని
నవ్వాడు.